నూటెనిమిది ఊహలు

వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివి పెరిగినవాళ్ళకు "సశేషం" అనే మాట ఎంత ఉడికించేదో గుర్తుండే ఉంటుంది. సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆ మాట పడేది. తలుపు అవతల ఎవరున్నారో తెలియాలంటే మళ్ళీ వారం దాకా ఆగాలి. ఆ వారం రోజులూ ఎవరూ ఊరికే కూర్చునేవారు కాదు. హంతకుడు ఎవరో ఇంట్లో తలా ఒక మాట చెప్పేవారు. అమెరికన్ మిస్టరీ సీరియళ్ళ చుట్టూ అభిమానులు అల్లే ఊహలు, వాళ్ళ మాటల్లో "ఫ్యాన్ థియరీలు", ఇదే పనికి పెద్ద రూపం. అక్కడ ఇంట్లో నలుగురైతే ఇక్కడ లక్షలమంది, అదీ చేతిలో కంప్యూటర్లతో.

సీరియల్ చివరికొచ్చే కొద్దీ ఈ ఊహల జోరు పెరుగుతుంది. పనిలేనివాళ్ళ కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. నా దృష్టిలో అది మనం ఆఫీసులో రోజూ చేసే పనికి చాలా దగ్గరి చుట్టం. లోపల ఏముందో కనిపించని యంత్రం ఒకటి ఎదురుగా ఉంటుంది. బయటికొచ్చే లక్షణాలు చూసి లోపలి కారణాన్ని పట్టుకోవాలి. కాకపోతే ఆ పనిని మంచి పద్ధతిలోనూ చెయ్యొచ్చు, చెడ్డ పద్ధతిలోనూ చెయ్యొచ్చు. రెంటికీ తేడా ఎక్కడంటే, మన ఊహ ఓడిపోవడానికి మనం దారి వదిలామా లేదా అన్న చోట. ఈ సంగతి చెప్పడానికి "లాస్ట్" సీరియల్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. (చూడనివారికి ముందే మనవి: ముగింపుతో సహా అన్నీ చెప్పేస్తున్నాను.)

"లాస్ట్" ఏబీసీ చానెల్లో 2004 సెప్టెంబరు 22న మొదలై ఆరు సీజన్లు నడిచి 2010 మే 23న ముగిసింది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న ఓషియానిక్ 815 విమానం ఒక దీవి మీద కూలుతుంది. బతికి బయటపడ్డవాళ్ళకు ఆ దీవిలో ఎదురైన వింతలే కథ. ఎండ మండే దీవిలో మంచు ప్రాంతపు తెల్ల ఎలుగుబంటి కనిపిస్తుంది. నల్లటి పొగ రూపంలో ఒక రాక్షసి తిరుగుతుంది. చక్రాల కుర్చీ మనిషి లేచి నడుస్తాడు. అడవి మధ్యలో, నేలలోకి దిగే ఇనుప మూత ఒకటి దొరుకుతుంది. ఆ మూత కింద పాత పరిశోధన కేంద్రం. దాన్ని కట్టినవాళ్ళ పేరు "ధర్మ ఇనీషియేటివ్". వాళ్ళ శిక్షణ చిత్రంలో కోటు తొడుక్కున్న శాస్త్రజ్ఞుడు చివర్లో "నమస్తే" అని సెలవు తీసుకుంటాడు. కథలో మాటిమాటికీ ఆరు సంఖ్యలు వస్తాయి: 4, 8, 15, 16, 23, 42. కూడి చూడండి, 108. అష్టోత్తరం! ధర్మ, నమస్తే, 108 వరసగా వినిపిస్తే మనవాళ్ళ చెవులు నిక్కబొడుచుకోవడంలో వింత ఏముంది?

ఆ నేలమాళిగలో ఒక పాతకాలపు కంప్యూటరుంది. 108 నిమిషాలకొకసారి ఎవరో ఒకరు ఆ ఆరు సంఖ్యలూ టైపు చేసి మీట నొక్కాలి. నొక్కకపోతే ప్రపంచానికే ముప్పు అని చెప్తారు. దాన్ని చూసిన ఏ ప్రోగ్రామరుకైనా ముందు వచ్చే సందేహం ఒకటే. నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి క్రాన్ జాబులో పడేస్తే పోయేదానికి ఈ రాత్రింబవళ్ళ డ్యూటీ ఏమిటి? మొదటి మూడు సీజన్లూ బుధవారం రాత్రి వచ్చేవి. గురువారం పొద్దున మా ఆఫీసు కాఫీ మిషను దగ్గర ఇదే చర్చ. ఒక రష్యన్, ఒక చైనా ఆవిడ, ఇద్దరు ఇక్కడే పుట్టినవాళ్ళు, నేను. బేస్‌బాల్ కబుర్లు మొదలైతే నేను కప్పు పట్టుకుని చల్లగా జారుకునేవాణ్ణి. ఈ కబుర్లలో మాత్రం నాకూ సమానంగా మాట ఉండేది, ఆ దీవికి అందరం కొత్తవాళ్ళమే కాబట్టి. పరాయి దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఫ్యాన్ థియరీల మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

ఈ సరదా "లాస్ట్"తో పుట్టలేదు. 1990 ఏప్రిల్‌లో ఇదే ఏబీసీలో "ట్విన్ పీక్స్" మొదలైంది. లారా పామర్ అనే అమ్మాయిని ఎవరు చంపారన్నది ప్రశ్న. ఇంటర్నెట్ ఇంకా యూనివర్సిటీలకూ కొన్ని కంపెనీలకూ మాత్రమే అందుబాటులో ఉన్న రోజులు. యూజ్‌నెట్‌లో ఆ సీరియల్ కోసమే ఒక చర్చావేదిక నడిచేది. సభ్యులు వీసీఆర్‌లో టేపు వేసి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క దృశ్యాన్నీ పరీక్షించేవారు. పదిహేనేళ్ళ తర్వాత "లాస్ట్" నాటికి పనిముట్లు మారాయి. టేపు స్థానంలో డీవీఆర్ వచ్చింది. ఎక్కడ కావాలంటే అక్కడ బొమ్మను ఆపి చూడొచ్చు. 2006 మార్చి 29న వచ్చిన "లాక్‌డౌన్" భాగంలో ఒక ఇనుప తలుపు వెనక గీసిన పటం, ప్రత్యేకమైన దీపం వెలుగులో, కొద్ది క్షణాలు మాత్రం కనిపిస్తుంది. ఎవరో ఆ బొమ్మను ఆపారు, ఇంకెవరో వెలుగు పెంచారు, లాటిన్ వచ్చినవాళ్ళు లాటిన్ చదివారు, లెక్కలు వచ్చినవాళ్ళు లెక్కలు చూశారు. 2005లో మొదలైన "లాస్ట్‌పీడియా"లో ఇలాంటివన్నీ ఒక చోటికి చేరేవి. జీతం లేదు, మేనేజరు లేడు, స్టేటస్ మీటింగు లేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిచే తీరు ఇదే కదా!

సరే, పద్ధతి సంగతికి వద్దాం. మీట నొక్కడం నిజంగా అవసరమా, లేక మనుషుల మీద ఎవరో చేస్తున్న ప్రయోగమా? రెండో సీజనంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. అభిమానులు రెండు వర్గాలయ్యారు. మధ్యలో "పెర్ల్" అనే మరో కేంద్రం దొరుకుతుంది. అక్కడి శిక్షణ చిత్రం ప్రకారం మీట నొక్కేవాళ్ళు ప్రయోగంలో ఎలుకలు, పెర్ల్‌లో కూర్చున్నవాళ్ళు వాళ్ళను గమనించి నోటుపుస్తకాలు రాసేవాళ్ళు. దాంతో ప్రయోగ వర్గం గెలిచినట్టే అనిపించింది. అయితే అదే కేంద్రంలో ఒక ప్రింటర్, మీట నొక్కిన ప్రతిసారీ ఒక లైను అచ్చు వేస్తూ వచ్చింది. సీజను చివరి భాగంలో, అంతకుముందు మూడేళ్ళు ఆ మీట నొక్కిన డెస్మండ్, ఆ కాగితాల దొంతర తిరగేస్తాడు. 2004 సెప్టెంబరు 22 దగ్గర "సిస్టం ఫెయిల్యూర్" అని కనిపిస్తుంది. సరిగ్గా విమానం కూలిన రోజు. ఆ రోజు తను మీట ఆలస్యంగా నొక్కాడు, విమానం కూలింది అందుకే. మీట నిజం!

నాకు ఆరు సీజన్లలోనూ బాగా నచ్చిన ఘట్టం ఇదే. రాక్షసీ లేదు, మంత్రమూ లేదు. ఒక మనిషి లాగ్ ఫైలు చదివాడు, టైంస్టాంపు సరిపోల్చాడు. ఒక బలమైన ఊహ అక్కడితో కూలిపోయింది. ప్రయోగ వర్గం వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళ ఊహ స్పష్టంగా ఉంది: మీట నొక్కకపోతే ఏమీ కాదు. అంత స్పష్టంగా ఉంది కాబట్టే ఓడిపోగలిగింది. ఓడిపోయినా అది మంచి ఊహే.

ఇప్పుడు రెండో రకం. మొదటి సీజను నుంచీ ఒక ఊహ ప్రచారంలో ఉండేది. వీళ్ళంతా విమాన ప్రమాదంలోనే చనిపోయారు, దీవి అంటే క్రైస్తవంలో చెప్పే పర్గటోరి, అంటే చావుకూ స్వర్గానికీ మధ్య ఆత్మలు శుద్ధి పొందే మజిలీ. కథకులు అది కాదని మొదట్లోనే బహిరంగంగా చెప్పారు. ఊహ చావలేదు. "నిజం కాబట్టే కాదంటున్నారు" అన్నారు. కథలో పాత్రలు చనిపోతే, "శుద్ధి పూర్తయింది, వెళ్ళిపోయారు" అన్నారు. కొందరు దీవి దాటి ఇంటికి చేరితే, "అదీ భ్రమే" అన్నారు. ఏ సాక్ష్యం వచ్చినా ఊహ ఇంకాస్త లావయ్యేది తప్ప విరిగేది కాదు.

మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్ళు ఓవర్‌ఫిట్టింగ్ అని ఒక జబ్బు గురించి చెప్తారు. మోడల్ పాత డేటాకు పొల్లు పోకుండా సరిపోతుంది, కొత్త డేటా రాగానే బోల్తా పడుతుంది. అదైనా నయం, బోల్తా పడితే తప్పు తెలుస్తుంది. ఏం వచ్చినా "నేను ముందే చెప్పాగా" అనే ఊహతోనే అసలు చిక్కు. అది కథ గురించి ఏమీ చెప్పదు, ఊహించినవాడి పట్టుదల గురించి మాత్రం చెప్తుంది.

ఆ పట్టుదల సీరియల్ ముగిశాక కూడా పోలేదు. ఆరో సీజనులో దీవి కథకు సమాంతరంగా, విమానం కూలకుండా క్షేమంగా దిగిన మరో జీవితం చూపిస్తూ వచ్చారు. చివరి భాగంలో తేలిందేమిటంటే ఆ పక్క కథ చనిపోయిన తర్వాతి మజిలీ. కథానాయకుడు జాక్‌కు అతని తండ్రి విడమరిచి చెప్తాడు: నీకు జరిగిందంతా నిజం, ఇక్కడున్నవాళ్ళలో కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు చాలా కాలం తర్వాత పోయారు. ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం. అయినా "మొదటి రోజే అందరూ చచ్చిపోయారట" అనే మాట ఈ రోజుకీ వినిపిస్తుంది. దానికి ఒక చిన్న కారణం ఉంది. చివరి టైటిల్స్ వెనక చానెల్ వాళ్ళు మనుషులెవరూ లేని సముద్రతీరంలో విమాన శకలాల బొమ్మలు వేశారు. అవి కథలో భాగం కావని ఏబీసీ ఆ తర్వాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. పాత్ర నోటి మాట కంటే టైటిల్స్ వెనక బొమ్మకు ఎక్కువ బరువు ఇచ్చారంటే, అది సాక్ష్యం చూడడం కాదు, ముందే కుదుర్చుకున్న తీర్పుకు సాక్షిని వెతకడం.

ఇక ఆ 108 సంగతి. మన శాస్త్రాల్లో ఘుణాక్షర న్యాయమని ఒకటుంది. పురుగు కర్రను తొలుచుకుంటూ పోతే ఒక్కోసారి అక్షరంలాంటి గుర్తు పడుతుంది. పురుగుకు చదువు రాదు, అక్షరం చూసేవాడి కంట్లో ఉంది. ఆరు సంఖ్యలను కూడి, తీసివేసి, గుణించి, తారీఖులతో పోల్చి అభిమానులు తీసిన అర్థాలకు అంతు లేదు. సంఖ్యలతో ఇదే ఇబ్బంది, వెతికితే 108 కనిపించని చోటు ఉండదు. ఇంతకీ దొరికిన జవాబులు రెండు. 2006 వేసవిలో నడిపిన "లాస్ట్ ఎక్స్‌పీరియెన్స్" అనే ఇంటర్నెట్ ఆటలో అవి మానవజాతి ఎప్పుడు అంతమవుతుందో లెక్కగట్టే వాలెంజెట్టి సమీకరణంలోని విలువలన్నారు. ఆఖరి సీజనులో, దీవి కాపలాదారు కాదగిన అభ్యర్థుల పేర్ల పక్కన వేసిన సంఖ్యలుగా చూపించారు. ఈ రెండు జవాబులనూ కలిపే వంతెన సీరియల్లో లేదు.

ఎందుకు లేదు? ఇక్కడే మన పనికీ ఈ పనికీ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలుండరు. చేప ఎండకపోవడానికి గడ్డిమేటు కారణం, గడ్డిమేటుకు ఆవు, అలా అడుగుతూ అడుగుతూ పోతే చివరికి చీమ దొరుకుతుంది. మనం నేర్చుకున్న మొదటి రూట్ కాజ్ అనాలిసిస్ అదే. ఆ కథ చెప్పే అమ్మమ్మకు మొదటి వాక్యం చెప్పేటప్పటికే చీమ సంగతి తెలుసు. ప్రోగ్రాములో బగ్ కూడా అంతే, మనకు కనిపించక ముందే కారణం కోడ్‌లో ఉంటుంది. ఏళ్ళ తరబడి రాస్తూ పోయే సీరియల్లో అలా కాదు. చేప ఎండలేదని 2004లో చెప్పేస్తారు. చీమను తర్వాతెప్పుడో పుట్టించాలి.

"లాస్ట్" చరిత్రలో దీనికి సాక్ష్యాలు కావలసినన్ని. జాక్ పాత్ర మొదటి భాగంలోనే చనిపోవాలన్నది తొలి ఆలోచన. మారింది కాబట్టి అతనే కథానాయకుడయ్యాడు. బెన్ పాత్ర కోసం మైకేల్ ఎమర్సన్‌ను కొద్ది భాగాలకే తీసుకున్నారు. నటన చూసి కథలో ముఖ్యుణ్ణి చేశారు. వాల్ట్ అనే పిల్లవాడికి ఏవో శక్తులున్నాయని మొదటి సీజనంతా ఊరించారు. దీవిలో గడిచింది కొన్ని వారాలే, ఈలోగా కుర్రాడు ఏపుగా ఎదిగిపోయాడు. ఆ పాత్రను పక్కకు తప్పించక తప్పలేదు. ఎకో పాత్రధారి సీరియల్ వదిలి వెళ్ళాలనుకున్నాడు, 2006 నవంబరులో ఆ పాత్ర చచ్చిపోయింది. ప్రాజెక్టు మధ్యలో మనిషి వెళ్ళిపోతే డిజైన్ ఎలా మారుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మొదట్లో కథకుల బృందంలో పనిచేసిన హావియర్ గ్రియో-మార్క్‌స్వాక్ 2015లో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అన్నీ ముందే తెలుసా, రాస్తూ రాస్తూ కల్పించారా అన్న ప్రశ్నకు ఆయన చెప్పిందాని సారాంశం: రెండూ నిజమే.

కాబట్టి నేను కథకులను "అన్నీ ముందే తెలిసి ఉండాలి" అని నిలదీయను. అడిగేది ఇంకొకటి. వెయ్యబోయే ప్రతి ముడీ ఒక అప్పు. మనం టెక్నికల్ డెట్ అంటామే, అదే. ముగింపు తారీఖు తెలియనివాడు అప్పులు చేస్తూనే పోతాడు. 2007 మేలో ఏబీసీ ఇంకా 48 భాగాలే ఉంటాయని, 2010లో ముగుస్తుందని ప్రకటించింది. బాగా ఆడుతున్న సీరియల్‌కు మూడేళ్ళ ముందే గడువు పెట్టడం అమెరికన్ టీవీలో అరుదు. కథకులు డేమన్ లిండలాఫ్, కార్ల్‌టన్ క్యూజ్ పట్టుబట్టి సాధించుకున్న గడువది. నా లెక్కలో ఆ సీరియల్ విషయంలో తీసుకున్న అతి మంచి ఇంజనీరింగ్ నిర్ణయం అదే. ఆ తర్వాత కొన్ని అప్పులు తీరాయి, కొన్ని కొట్టివేతకు పోయాయి. "ట్విన్ పీక్స్"కు ఆ అదృష్టం కూడా లేదు. డేవిడ్ లించ్‌కు హంతకుణ్ణి చూపించడమే ఇష్టం లేదు. చానెల్ ఒత్తిడి మీద 1990 నవంబరులో చూపించారు. 1991 జూన్‌లో సీరియల్ ఆగిపోయింది.

ఇంకో మాట. ముందే ఊహించేస్తే కథ పాడవుతుందా? "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?" అని 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా మనవాళ్ళంతా తలలు బద్దలు కొట్టుకున్నారు. కట్టప్ప సింహాసనానికి కట్టుబడిన బానిస కాబట్టి ఆజ్ఞ మీదే చంపి ఉంటాడని చాలామంది ముందే అన్నారు. అదే నిజమైంది. అయినా ఎవరూ టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. జవాబు తెలిసినా, ఆ ఆజ్ఞ శివగామి నోట ఎలా వచ్చిందో చూడాలని వెళ్ళారు. ఊహ నిజమైతే చప్పబడిపోయే కథకు మొదటి నుంచీ ముడి తప్ప ఇంకేమీ లేదన్నమాట. అభిమానులు పట్టేశారని భయపడి ముగింపు మార్చే కథకుడు, టెస్టర్ బగ్ పట్టుకున్నాడని స్పెసిఫికేషన్ మార్చే ప్రోగ్రామరులాంటివాడు.

ఇదంతా వినోదమే కదా, ఎవరెలా ఊహిస్తే ఏం పోయింది అనొచ్చు. కథ దాకా ఏమీ పోదు. కథలో ప్రతి వస్తువునూ ఒకరు తెచ్చి పెట్టారు, "ఇది ఇక్కడ ఎందుకుంది" అని అడిగే హక్కు మనకుంది. అదే చూపు బయటి ప్రపంచం మీద పడితేనే ప్రమాదం. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరిన ఎంహెచ్ 370 విమానం 239 మందితో కనిపించకుండా పోయింది. కొద్ది రోజుల్లోనే "లాస్ట్" పేరు వినిపించింది. ఎక్కడో రహస్య స్థావరంలో దించారని, అంతా ఆడిన నాటకమని కథలు పుట్టాయి. ఎయిర్‌పోర్టు హోటళ్ళలో కూర్చుని ఎదురుచూస్తున్న కుటుంబాలు కూడా ఆ కథలు విన్నాయి.

అదే సమయంలో ఇంజనీర్లు చేసిన పని చూడండి. రాడార్‌కు అందని ఆ విమానం ఇన్‌మార్శాట్ ఉపగ్రహానికి గంటకొకసారి జవాబిస్తూ పోయింది. ఆ సంకేతాలు చేరడానికి పట్టిన సమయం, వాటి ఫ్రీక్వెన్సీలో వచ్చిన కొద్దిపాటి మార్పు, ఈ రెంటినీ పట్టుకుని విమానం దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్ళిందని లెక్కగట్టారు. ఉత్తరాన శకలం ఒక్కటి దొరికినా ఆ లెక్క ఓడిపోయేది. 2015 జులైలో రెక్క భాగం ఒకటి రియూనియన్ దీవి తీరానికి కొట్టుకొచ్చింది. సముద్ర ప్రవాహాల లెక్కతో అది సరిపోయింది. 2018లో మలేషియా ఇచ్చిన నివేదిక మాత్రం విమానం మాయమవడానికి కారణం నిర్ధారించలేకపోయామని ఒప్పుకుంది. కథకుడైతే అలాంటి ముగింపు రాయలేడు. ప్రపంచం రాస్తుంది. రహస్య స్థావరం కథకు మాత్రం రెక్క దొరికినా నష్టం లేదు, "వాళ్ళే పడేశారు" అంటుంది. పర్గటోరి ఊహలో ఉన్న జబ్బే ఇది. ఇక్కడ దాని ఖరీదు వేరు.

అందుకని మిస్టరీ సీరియల్ ఏదైనా చివరికొస్తున్నప్పుడు ఊహించడం మానమని నేననను. బ్రహ్మాండంగా ఊహించండి. ఆఖరి భాగానికి ముందు మీ ఊహను ఒక కాగితం మీద రాసి, కిందనే "ఇది కనిపిస్తే నా ఊహ తప్పు" అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే చేతిలో ఉన్నది ఊహ కాదు, అభిమానం. పిల్లలు పక్కన కూర్చుని చూసే వయసువాళ్ళైతే వాళ్ళచేతా రాయించండి. వాళ్ళు పెరిగి పెద్దయ్యాక ఎదురయ్యే ముడుల్లో చాలావాటికి కథకుడు ఉండడు. లాగ్ కాగితాల దొంతర తిరగేసే ఓపిక ఒక్కటే ఉంటుంది.